ఏడాదికి 43 మిల్లీగ్రాములు

లెక్క ఒక మాత్రతో మొదలుపెడదాం. మార్ఫిన్ మాత్ర, 10 మిల్లీగ్రాములది. వరంగల్ దగ్గర పరకాల వైపు ఊళ్ళో ఒక అవ్వ ఉందనుకుందాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నడుము ఎముకల దాకా పాకింది. ఆమెకు డాక్టరు నాలుగు గంటలకొకటి చొప్పున ఈ మాత్ర రాశారు. పొద్దున 6కు ఒకటి, 10కి ఒకటి, మధ్యాహ్నం 2కు ఒకటి, సాయంత్రం 6కు ఒకటి. రాత్రి 10కి పడుకునే ముందు రెండు, నడిజాము లేవకుండా తెల్లారేదాకా నిద్రపట్టాలని. మొత్తం రోజుకు 60 మిల్లీగ్రాములు. ఇది పెద్ద మోతాదేమీ కాదు. మార్ఫిన్ మామూలుగా మొదలయ్యేదే ఒక్కో వేళకు 5 నుంచి 10 మిల్లీగ్రాములతో.

ఇప్పుడు రెండో అంకె. ప్రపంచంలో నొప్పి మందులు ఎవరికి ఎంత అందుతున్నాయో చూడడానికి లాన్సెట్ వైద్య పత్రిక ఒక కమిషన్ వేసింది. 2017లో నివేదిక వచ్చింది. భారతదేశంలో ఉపశమన వైద్యం (పాలియేటివ్ కేర్) అవసరమైన ఒక్కో రోగికి ఏడాదికి పంపిణీ అవుతున్న మార్ఫిన్, ఆ కోవ మందులు అన్నీ కలిపి మార్ఫిన్ లెక్కలోకి మారిస్తే 43 మిల్లీగ్రాములు.

రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టండి. మన అవ్వ సాయంత్రం 6 గంటల మాత్ర మింగేసరికి ఆమె ఏడాది వాటాలో 40 ఖర్చయిపోయింది. రాత్రికి కావాల్సింది 20, మిగిలింది 3. రేపటికీ, మిగిలిన 363 రోజులకూ ఏమీ లేదు.

సగటు లెక్క కాబట్టి కొంత జాగ్రత్తగా చదవాలి. ప్రతి రోగికీ రోజూ మార్ఫిన్ అక్కర్లేదు, కొందరికి అసలే అక్కర్లేదు. అదంతా లెక్కలోకి తీసుకున్నాకే, మన దేశంలో అందుతున్నది అవసరంలో 4 శాతం అని కమిషన్ తేల్చింది. అదే లెక్కలో అమెరికా రోగి వాటా 55 వేల మిల్లీగ్రాములు దాటింది, కెనడాలో 68 వేలు. అక్కడ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువై, ఈ మందుల అతివాడకంతో మనుషులు చచ్చిపోయారు. ఇక్కడ లేక ఏడుస్తున్నారు. ఆ ఏటి లెక్కలో ప్రపంచమంతటా పంపిణీ అయిన దాదాపు 298 టన్నుల్లో అత్యంత పేద దేశాలకు దక్కింది ఒక టన్నులో పదో వంతు.

క్యాన్సర్ అంటేనే నొప్పి అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు, అబద్ధమూ కాదు. ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2016లో ఒక లెక్క కట్టారు. వైద్యం నడుస్తున్నవారిలో 55 శాతం మందికి నొప్పి ఉంది. జబ్బు ముదిరి ఇతర అవయవాలకు పాకినవారిలో 66 శాతం మందికి ఉంది. అందరినీ కలిపి చూస్తే, పదికి అయిదు లేదా అంతకు మించిన నొప్పి 38 శాతం మందిలో కనిపించింది. ఇంకో సంఖ్యను మాత్రం ఎవరూ పట్టించుకోరు. వైద్యం పూర్తయి జబ్బు తగ్గినవారిలో కూడా 39 శాతం మందికి నొప్పి మిగిలే ఉంది. రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి పైకెత్తలేని ఆడమనిషి, నోటికి రేడియేషన్ అయ్యాక ముద్ద మింగలేని మనిషి ఈ లెక్కలోనివారే. "క్యాన్సర్ తగ్గిందిగా, ఇంకేంది?" అంటారు ఇంట్లోవాళ్ళు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా కొత్తగా క్యాన్సర్ బయటపడేవారు సుమారు 14 లక్షలు, చనిపోయేవారు 9 లక్షల పైచిలుకు. చనిపోయేవారికి ఆ 66 శాతం లెక్క వర్తింపజేస్తే ఏటా 6 లక్షల మంది చివరి నెలల్ని నొప్పితో గడుపుతున్నారన్నమాట. ఇది నేను వేసిన మోటు లెక్కే. కాస్త అటూ ఇటూ అయినా ఊళ్ళకు ఊళ్ళే.

ఏడు ప్రశ్నలు

నొప్పి మనిషి రోజును ఎలా తినేస్తుందో కొలవడానికి డాక్టర్ల దగ్గర ఒక చిన్న కాగితం ఉంది. అమెరికాలో చార్లెస్ క్లీలాండ్ బృందం తయారుచేసిన ఈ ప్రశ్నావళిని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. గడిచిన 24 గంటల్లో నొప్పి వేటికి అడ్డుపడిందో అడుగుతుంది: రోజు గడవడానికి, మనసుకు, నడకకు, ఇంటాబయటా చేసే పనికి, మనుషులతో ఉండడానికి, నిద్రకు, బతుకు మీద ఇష్టానికి. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు.

ఈ ఏడింటినీ వరంగల్ చుట్టుపక్కల బతుకులోకి తెచ్చి చూడండి. పత్తి ఏరడం నడుము వంచి చేసే పని, మిర్చి ఏరడం గంటల తరబడి వంగీ కూర్చునీ చేసే పని. కటి ఎముకల్లో పోటు ఉన్న ఆడమనిషికి మొదట పోయేది ఈ కూలీయే. తర్వాత నడక పోతుంది. మరుగుదొడ్డి ఇంటి వెనకాల ఉంటే అక్కడిదాకా పోవడమే గండం, అందుకని నీళ్ళు తాగడం తగ్గించేస్తుంది. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, దాంతో కొత్త నొప్పి. రాత్రి నిద్ర ఉండదు కాబట్టి పక్కన పడుకునే కోడలికీ ఉండదు, ఆమె తెల్లారి కూలికి పోలేదు. ఇంటికి ఇద్దరి కూలీ పోయింది. మనవడు మీదెక్కి ఆడితే విసుక్కుంటుంది, వాడు మెల్లగా దగ్గరికి రావడం మానేస్తాడు. పెళ్ళికి పిలిస్తే పోదు. ఏడింటికి ఏడూ అయ్యాయి. డాక్టరు దగ్గర మాత్రం ఆమె చెప్పేది ఒకటే: "ఉన్నది సారూ, ఓర్చుకుంటున్న."

ఓర్చుకోవడం మన దగ్గర గొప్ప గుణం. ఈ ఒక్క చోట అది రోగికి శత్రువు. నొప్పి పెరిగిందని చెబితే కీమో ఆపేస్తారేమో, కొడుకుకు ఇంకో ఖర్చు పెట్టించినట్టవుతుందేమో అని దాచేవాళ్ళు ఎందరో. డాక్టరేమో స్కానులో గడ్డ ఎంత తగ్గిందో చూస్తాడు, ఎదుట కూర్చున్న మనిషి ఎంతసేపు కూర్చోగలుగుతోందో చూడడు. అంకె అడగడం ఇందుకే. 1995లో అమెరికా, ఫ్రాన్స్, చైనా, ఫిలిప్పీన్స్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో ఆసక్తికరమైన విషయం బయటపడింది. నొప్పి ఒకటి నుంచి నాలుగు దాకా పెరుగుతున్నప్పుడు రోజువారీ పనులు మెల్లగానే దెబ్బతింటాయి. అయిదుకు రాగానే ఒక్కసారి కుదుపు. ఏడు దగ్గర ఇంకో కుదుపు. నాలుగుకీ అయిదుకీ మధ్య తేడా ఒకటే. బతుకులో అది పనికి పోవడానికీ మంచానపడడానికీ మధ్య తేడా కావచ్చు. కాబట్టి "కొంచెం ఉంది" అనే మాట డాక్టరుకు పనికిరాదు. నాలుగా, అయిదా అన్నది పనికొస్తుంది.

చదువురాని పెద్దవాళ్ళకు పది దాకా అంకెలు చెప్పడం ఇబ్బందైతే రూపాయితో అడగవచ్చు. "రూపాయికి ఎన్నణాలు?" అంటే మన పాత తరం తడుముకోకుండా చెబుతుంది. పన్నెండణాలంటే ఏడున్నర, అంతే.

గడియారం చేసే పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పి మీద ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో మూడు మెట్ల పద్ధతి చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి. రెండోది కొడీన్, ట్రమడాల్. మూడోది మార్ఫిన్. మందు వీలైనంత వరకు నోటితోనే ఇవ్వాలి, గడియారం చూసి వేళకు ఇవ్వాలి, నొప్పిని బట్టి మెట్టు ఎక్కాలి. ఇందులో అందరూ మెట్ల గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు విషయం గడియారంలో ఉంది.

మామూలు మార్ఫిన్ మాత్ర మింగిన అరగంటకు పని మొదలుపెడుతుంది, గంటకు పట్టు చూపిస్తుంది, నాలుగు గంటలకు దిగిపోతుంది. నొప్పి రోజంతా ఉండేదైతే, నొప్పి వచ్చినప్పుడే మాత్ర వేసుకుంటానంటే ఏమవుతుంది? ప్రతిసారీ నొప్పి లేచాక మాత్ర, ఆ తర్వాత అరగంట నుంచి గంట ఎదురుచూపు. రోజుకు ఆరుసార్లు అనుకుంటే మూడు నుంచి ఆరు గంటలు ఊరికే నొప్పితో పడుండడం. మాత్రలు అన్నే, డబ్బు అంతే, పోగొట్టుకున్నది మాత్రం పగటిలో పావు నుంచి సగం. అదే వేళకు వేసుకుంటే ముందు మాత్ర దిగకముందే తర్వాతది అందుకుంటుంది. అందుకే చీటీ మీద "అవసరమైతే" అని మాత్రమే రాసి ఉంటే, ఎడతెగని నొప్పికి ఇది సరిపోతుందా అని అడగండి. తప్పేమీ కాదు.

వేళ మాత్రలు ఉన్నా మధ్యలో నొప్పి ఉన్నట్టుండి పోటెత్తవచ్చు, పక్క మారినప్పుడో, దగ్గినప్పుడో. దానికి విడిగా ఒక మోతాదు రాస్తారు. సాధారణంగా అది రోజు మొత్తంలో ఆరో వంతు. 60 తీసుకునే అవ్వకు ఇంకో 10. ఇలా రోజుకు మూడు అదనపు మాత్రలు పడుతున్నాయంటే ఆమె నిజంగా తీసుకుంటున్నది 90. అప్పుడు డాక్టరు ఒక్కో వేళ మోతాదును 10 నుంచి 15కు పెంచుతారు. ఈ సర్దుబాటు జరగాలంటే మధ్యలో ఎన్ని మాత్రలు వేసుకున్నారో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. క్యాలెండర్ మీద గీతలు గీసినా చాలు. మోతాదును సొంతంగా పెంచుకోవద్దు. ముఖ్యంగా మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది.

ఈ పద్ధతి పనిచేస్తుందా? జర్మనీలోని కొలోన్‌లో పదేళ్ళపాటు 2,118 మంది రోగుల్ని చూసి 1995లో ఫలితం ప్రకటించారు. 76 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది, 12 శాతం మందికి పర్వాలేదనిపించింది, 12 శాతం మందికి సరిపోలేదు. ఆ చివరి 12 శాతం కోసమే నరాలకు చేసే బ్లాకులు, వెన్ను దగ్గర పెట్టే పంపులు ఉన్నాయి. మిగిలిన 88 శాతానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. నోట్లో వేసుకునే మాత్ర, తెలిసిన డాక్టరు, ఇంట్లో గోడ గడియారం చాలు.

మెట్ల విషయంలో ఆలోచన మారింది. ఇటలీలో 240 మంది మీద చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, మధ్యస్థ నొప్పికి రెండో మెట్టు మందులు ఇచ్చినవారిలో 58 శాతం మందికి గుణం కనిపిస్తే, ఆ మెట్టు దాటేసి నేరుగా తక్కువ మోతాదు మార్ఫిన్ ఇచ్చినవారిలో 88 శాతం మందికి కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త మార్గదర్శకాల్లో మెట్లను కచ్చితమైన నియమంగా కాక దారి చూపే గుర్తుగానే ఉంచింది.

ఎలాంటి నొప్పో కూడా చెప్పాలి. లోపల సలుపు, పోటు, పిండినట్టుండడం ఒక రకం. మంటలు, తిమ్మిర్లు, కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం ఇంకో రకం. రెండోది నరాల నొప్పి. దానికి మార్ఫిన్ ఒక్కటే సరిపోదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి తోడు కావాలి. కొన్ని కీమో మందుల తర్వాత అరికాళ్ళు మండుతుంటే డ్యులోక్సెటిన్‌కు మంచి ఆధారం ఉంది. వీటిలో కొన్నిటిని డిప్రెషన్‌కూ వాడతారు కాబట్టి, రోగికి డిప్రెషన్ మందు రాశారని ఇంట్లోవాళ్ళు గొడవపడతారు. ఆ మందు ఇక్కడ పనిచేసేది నరం మీద. అన్నట్టు, ఎనుమాముల మిర్చి మార్కెట్టు ఉన్న వరంగల్ వాళ్ళకు చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. నొప్పినీ వేడినీ పసిగట్టే నరాల గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ 1997లో మిరపకాయలోని కారంతోనే కనిపెట్టాడు. 2021లో నోబెల్ వచ్చింది. ఆ కారంతో చేసిన పట్టీలు ఇప్పుడు నరాల నొప్పికి వాడుతున్నారు. మన చపాటా మిర్చి అందుకు పెద్దగా పనికిరాదు లెండి, దానికి రంగెక్కువ, కారం తక్కువ. ఇంట్లో కారం నూరి రాసుకునే ప్రయోగాలు మాత్రం వద్దు.

ఒక్క రోజు రేడియేషనా, పది రోజులా

వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. బాగున్నవాళ్ళకు కాజీపేటలో రైలెక్కితే రెండు రెండున్నర గంటల పని. తుంటి ఎముకలో క్యాన్సర్ ఉన్నవారికి అది జనరల్ బోగీలో నిలబడి చేసే శిక్ష. ఎముకలకు పాకిన నొప్పికి రేడియేషన్ మంచి వైద్యం. కొందరికి పది రోజులు పెడతారు, కొందరికి ఒక్కరోజే పెద్ద మోతాదు, రేడియేషన్ కొలతలో 8 గ్రే. ఎక్కువ రోజులు పెడితే ఎక్కువ గుణం అనుకోవడం సహజం. 2012లో అనేక పరీక్షల్ని కలిపి చూస్తే ఒక్కరోజు పెట్టినవారిలో 60 శాతం మందికి, ఎక్కువ రోజులు పెట్టినవారిలో 61 శాతం మందికి నొప్పి తగ్గింది. తేడా లేనట్టే. ఒక్కరోజు పద్ధతిలో తర్వాత మళ్ళీ రేడియేషన్ అవసరమైనవారు 20 శాతం, రెండో దాంట్లో 8 శాతం. అంటే అయిదుగురిలో నలుగురికి రెండోసారి పోవాల్సిన అవసరమే రాలేదు.

పది రోజులంటే శని, ఆదివారాలు కలుపుకుని రెండు వారాలు పట్నంలో ఉండాలి. ఒక తోడు మనిషి, ఇద్దరి తిండి, గది అద్దె, పోయిన కూలీ. ఈ లెక్క ఏ వైద్య పత్రికా వేయదు. వెన్నుపూస నొక్కుకుపోయినప్పుడు, ఎముక విరిగే ప్రమాదం ఉన్నప్పుడు డాక్టర్లు వేరేలా నిర్ణయిస్తారు. అలాంటి కారణం లేకపోతే "ఒక్కరోజుతో అవుతుందా సార్?" అని అడిగే హక్కు దూరం నుంచి వచ్చినవారికి ఉంది.

మళ్ళీ మార్ఫిన్ దగ్గరికి వద్దాం. మన దేశంలో నల్లమందు సాగుకు కొరత లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ ప్రాంతాల్లో, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు. గాజీపూర్‌లో సర్కారు నల్లమందు కర్మాగారం 1820 నాటిది. మార్ఫిన్ ముడిసరుకు ఇక్కడే పుడుతుంది. మనుషులకు అందకపోవడానికి కారణం చట్టం. 1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం వచ్చింది. తప్పు జరిగితే అప్పట్లో కనీసం పదేళ్ళ జైలు. ఆసుపత్రి మార్ఫిన్ పెట్టుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరిపోయేది. మందుల షాపులు, ఆసుపత్రులు దండం పెట్టి మానుకున్నాయి. 1997 నాటికి దేశం మొత్తం వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. పన్నెండేళ్ళలో 97 శాతం పతనం. ఈ మధ్యలో డాక్టర్ల ఒక తరం మార్ఫిన్ చీటీ రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించి బయటికి వచ్చింది. చట్టం కన్నా ఎక్కువ నష్టం చేసింది అదే.

కేరళ నుంచి డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివారు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరు మందుల్ని అత్యవసర మాదక ఔషధాలుగా విడదీశారు. 2015లో నియమాలు వచ్చాయి. ఇప్పుడు ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర గుర్తింపు తెచ్చుకుంటే చాలు, నాలుగైదు గడపలు తొక్కాల్సిన పనిలేదు. చట్టం మారి పదేళ్ళు దాటినా, మార్ఫిన్ రాయని డాక్టరు దొరికినంత తేలిగ్గా రాసే డాక్టరు దొరకడు.

తెలంగాణలో ఈ పని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి నుంచి మొదలైంది. అక్కడి ఉపశమన వైద్య విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ గాయత్రీ పాలట్, ఆమెతో కలిసి పనిచేసిన స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వాన్ని కదిలించారు. చేవెళ్ళలో ప్రయోగాత్మకంగా పెట్టిన పాలియేటివ్ కేర్ కేంద్రం పద్ధతిని తర్వాత జిల్లాలకు విస్తరించారు. మొదటి విడత జిల్లాల్లో వరంగల్ ఉంది. మంచం దిగలేని రోగుల ఇంటికే నర్సును, మందుల్ని తీసుకుపోయే బండికి 'ఆలన' అని పేరు పెట్టారు. ప్రభుత్వ పథకాలకు పెట్టిన పేర్లలో ఇంత సరిగ్గా అతికిన పేరు నాకు ఇంకోటి తోచడం లేదు. పుండు కడగడం, మూత్రపు గొట్టం మార్చడం, మార్ఫిన్ మోతాదు చూడడం, ఇంట్లోవాళ్ళకు పక్క ఎలా మార్చాలో చూపించడం ఈ బృందాల పని. 145 కిలోమీటర్ల ప్రయాణాన్ని అది గడప దాకా తగ్గిస్తుంది. కాళోజీ పేరు పెట్టుకున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. అక్కడి పరీక్షల్లో మార్ఫిన్ చీటీ రాయడం మీద ఒక ప్రశ్న తప్పనిసరి అయితే పదేళ్ళలో ఈ వ్యాసం అవసరం ఉండదు.

"మార్ఫిన్ ఇచ్చిన్రంటే అయిపోయినట్టే"

ఊళ్ళలో ఈ మాట వినని క్యాన్సర్ ఇల్లు ఉండదు. మార్ఫిన్‌ను చివరి మూడు రోజుల్లోనే ఇస్తే, మార్ఫిన్ ఇచ్చిన మూడు రోజులకు చనిపోతారు. చంపింది జబ్బు, పేరు మందుకు. ఉపశమన వైద్యం ముందే మొదలైతే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్‌లో చూశారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగం మందికి మామూలు వైద్యంతోపాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం కూడా ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితం: వారి మధ్యగత ఆయుష్షు 11.6 నెలలు. రెండో గుంపుది 8.9. నొప్పి చూసుకున్నంత మాత్రాన ఎవరూ తొందరగా పోలేదు.

రెండో భయం, అలవాటైపోతుందని. కొన్నాళ్ళు వాడాక మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తట్టుకోదు, మెల్లగా తగ్గించాలి. బీపీ మందులు కొన్ని కూడా అంతే. అది వ్యసనం కాదు. మందు కోసం మనిషి బతుకును పాడుచేసుకోవడం వ్యసనం. ఇక్కడ మందు వల్ల మనిషి లేచి కూర్చుని అన్నం తింటున్నాడు. అయితే ఇంట్లో మాత్రల్ని జాగ్రత్తగా తాళం వేసి పెట్టాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, పిల్లలకు అందకూడదు. మనిషి లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నిజమైన ఇబ్బంది ఒకటుంది, దానికి మాత్రం ఎవరూ భయపడరు. మలబద్ధకం. వికారం, మగత నాలుగైదు రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది, దాదాపు అందరికీ ఉంటుంది. మార్ఫిన్ రాసిన రోజే విరేచనం మందు కూడా రాయాలి, రాయకపోతే అడిగి రాయించుకోవాలి. ఇంట్లో ఉంది కదా అని ఇసబ్‌గోల్ వేయకండి. నీళ్ళు సరిగ్గా తాగని రోగికి అది కడుపులో గట్టిపడి ఇంకా ఇబ్బంది చేస్తుంది. బిసాకోడిల్, సెన్నా, లాక్టులోజ్ లాంటివి పనికొస్తాయి. మార్ఫిన్ మానేసినవాళ్ళలో చాలామంది దీనివల్లే మానేస్తారు. మానేసి నొప్పికి తిరిగి పోతారు.

నొప్పి భరించలేక ఆర్ఎంపీ దగ్గర రోజూ సూది వేయించుకోవడం మన పల్లెల్లో మామూలు. ఆ సూదుల్లో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాక్. రోజుకు 150 మిల్లీగ్రాములు దాని హద్దు. హద్దు దాటినకొద్దీ, రోజులు గడిచినకొద్దీ కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ. నొప్పి ఎంత పెరిగినా ఈ మందుకు మోతాదు పెంచే వీలు లేదు. మార్ఫిన్‌కు అలాంటి పైహద్దు లేదు, రోగి తట్టుకున్నంతవరకు డాక్టరు చూసుకుంటూ పెంచవచ్చు. అయినా ఊరి నమ్మకంలో సూది మంచిది, మార్ఫిన్ చెడ్డది. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు. రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే పలికేది ఆయనొక్కడే. ఆయనకే ఈ విషయం నేర్పించి, రోగిని కేంద్రానికి పంపేలా చేస్తే సగం పని తీరుతుంది.

మాత్రలకు లొంగని నొప్పి ఒకటి ఉంటుంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ దాని గురించి ఎప్పుడో చెప్పింది. ఒంటి నొప్పితో పాటు మనసుది, ఇంటిది, డబ్బుది కలిసే ఉంటాయని. బిడ్డ పెళ్ళి కాలేదన్న దిగులు, షావుకారు దగ్గర తెచ్చిన అప్పు రాత్రిపూట నొప్పి అంకెను ఆరు నుంచి ఎనిమిదికి ఎక్కిస్తాయి. దానికి మోతాదు పెంచడం జవాబు కాదు. పక్కన కూర్చుని వినే మనిషి కావాలి.

మీ ఇంట్లో క్యాన్సర్ రోగి ఉంటే వచ్చేసారి ఓపీకి పోయేటప్పుడు ఫైలులో స్కానులతో పాటు ఒక చిన్న కాగితం పెట్టుకోండి. ఈ వారంలో నొప్పి ఎక్కువలో ఎక్కువ పదికి ఎంత, మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలు ఆగుతోంది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది. మూడు అంకెలు రాసి డాక్టరు చేతికివ్వండి. నొప్పి అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే, మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుందో, ఆలన బండి మీ ఊరికి వస్తుందో రాదో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో జిల్లా ఆరోగ్య శాఖ కార్యాలయంలోనో అడిగి, తెలుసుకుని గానీ ఇంటికి రాకండి.